మా ఊరి గట్టు మీద లక్ష సీడ్ బాల్స్ వేద్దామనుకుంటున్నాం, ఏ గింజలు బాగా మొలుస్తాయి?

గట్టుకింద_ఊరు
అందరికీ నమస్తే. మాది ఉమ్మడి కర్నూలు జిల్లాలో మెట్ట ఊరు. ఊరి వెనకాల మూడు వందల ఎకరాల దాకా గట్టు, దాని కింద బీడు ఉంది. రికార్డుల్లో చాలావరకు గయాళు (ఎవరి పేరునా లేని సర్కారు భూమి), పైభాగం మాత్రం ఫారెస్టు వాళ్ళది. ఈసారి తొలకరికి మా యువజన సంఘం తరఫున లక్ష సీడ్ బాల్స్, అంటే గింజలు పెట్టిన మట్టి బంతులు, విసరాలని అనుకున్నాం. అమెరికాలో ఉన్న మా ఊరి అన్న ఒకాయన డబ్బు పంపించాడు. కొన్ని బంతులు చేయడం కూడా అయింది. ఇప్పటికి వేప, కానుగ, సుబాబుల్, గిరిపుష్పం గింజలు దొరికాయి. ఇంకా ఏవి కలిపితే త్వరగా పెరుగుతాయి? గొర్రెలు తినకుండా ఉండేవి అయితే మరీ మంచిది. ఉపాధి హామీ పనిలో చుట్టూ కందకం తవ్వించే ఆలోచన కూడా ఉంది.

పచ్చతోరణం
చాలా మంచి పని తమ్ముడూ! సిద్దిపేట వైపు మేం ఏటా చేస్తున్నాం. గింజల్ని ముందురోజు రాత్రి నానబెట్టి, ఎర్రమట్టి, పేడ కలిపి చుట్టి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగిలిపోతాయి. రెండు మంచి వానలు పడ్డాకే విసరండి, మొదటి వానకే తొందరపడొద్దు.

పక్షిపిచ్చి_హైదరాబాద్
కాస్త ఆగండి. ఆ గట్టు మీద ఇప్పుడు ఏమేం ఉన్నాయో చెప్తారా?

గట్టుకింద_ఊరు
ఏమీ లేవు సార్. రేగు కంపలు, పరికి, బలుసు, అక్కడక్కడా చండ్ర, తంగేడు. మిగతాదంతా బోద గడ్డి. ఎండాకాలం వస్తే ఎర్రగా ఎండిపోయి ఉంటుంది. గొర్రెలు తిరుగుతాయి. పొద్దున పూట జింకలు కనపడతాయి, నల్లవి, మెలికల కొమ్ములవి. కుందేళ్ళు, కౌజులు, పూరేళ్ళు మామూలే. వానాకాలంలో చుక్కల తాబేళ్ళు వస్తాయి. తోడేలు ఉందని గొర్రెల వాళ్ళు అంటారు, నేను చూడలేదు.

పక్షిపిచ్చి_హైదరాబాద్
"ఏమీ లేవు" అని మొదలుపెట్టి పదికి పైగా పేర్లు చెప్పారు.

మీరు చెప్పిన జాబితా చదివితే నాకు పండగలా ఉంది. మెలికల కొమ్ములవి కృష్ణజింకలు, మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. దాని బతుకంతా కంటిచూపు మీద, పరుగు మీద ఉంటుంది. దూరాన తోడేలు కదిలితే కనపడాలి, కనపడగానే పరిగెత్తడానికి మైదానం ఉండాలి. మీరు సుబాబుల్ తోపు పెంచితే ఈ రెండూ పోతాయి. పూరేడు, కౌజు, తీతువు నేల మీద గుడ్లు పెడతాయి. చెట్లు లేని చోట చెట్లు వస్తే కాకులకు, గద్దలకు కూర్చుని చూసుకునే మంచెలు దొరికినట్టే. ఏ గడ్డి దుబ్బు దగ్గర తల్లి లేచిందో పైనుంచి చూసి గుడ్లు ఎత్తుకుపోతాయి.

గట్టు మీద చెట్లు లేవంటే ఎవరో నరికేశారని మనం అనుకుంటాం. కొన్ని చోట్ల అది నిజమే. కానీ వాన తక్కువగా పడే, మట్టి పలచగా ఉండే మెట్టల్లో గడ్డి, ముళ్ళపొదలే అసలు రూపం. అది పెరగడం ఆగిపోయిన అడవేం కాదు. దయచేసి సుబాబుల్, గిరిపుష్పం రెండూ వద్దు. రెండూ మన నేలవి కావు.

పచ్చతోరణం
ఇదెక్కడి వాదన అండీ? ఎండలు 45 దాటుతున్నాయి. భూగర్భ జలాలు అడుగంటాయి. పిల్లలు ముందుకొచ్చి చెట్లు పెడతామంటే వద్దంటారా? పిట్టల కోసం ఊళ్ళు ఎండిపోవాలా? ఏసీ గదిలో కూర్చుని బైనాక్యులర్స్ వేసుకునే వాళ్ళకి మెట్ట ఊళ్ళ బాధ తెలియదు.

పక్షిపిచ్చి_హైదరాబాద్
మేడం, చెట్లు వద్దని నేను ఎక్కడా అనలేదు, ఆ గట్టు మీద వద్దన్నాను. ఊరి బడి దగ్గర, చెరువు కట్ట మీద, రోడ్డు పక్కన, పొలం గట్ల మీద వేప, కానుగ, చింత, రావి ఎన్ని పెట్టినా నేనే వచ్చి నీళ్ళు పోస్తాను. గడ్డి నేల కార్బన్‌ని ఎక్కువగా వేళ్ళలో, మట్టిలో దాస్తుంది. అందుకే పైకి ఏమీ కనపడదు. వాన నీళ్ళు ఇంకడానికి కూడా దట్టమైన గడ్డి దుబ్బు చాలా పని చేస్తుంది. ఆ దుబ్బుని జేసీబీతో పెకిలించి గుంతలు తీస్తే, మొక్క చచ్చాక ఆ గుంతలో మొలిచేది సర్కారు తుమ్మే.

పోతే, నాకు ఏసీ లేదు.

రేంజ్_రిటైర్డ్_కడప
ఈ చర్చ చూశాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నేను ఫారెస్టులో కింది స్థాయి నుంచి పని చేసి రిటైర్ అయ్యాను. ఎక్కువ కాలం కడప జిల్లాలో లంకమల కొండల చుట్టుపక్కలే.

కలివి కోడి అనే అరుదైన పక్షి కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. అంతరించిపోయిందనే పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ గారు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ కనుక్కున్నారు. కనుక్కున్నారంటే, స్థానిక వేటగాడు ఒకతను రాత్రి పట్టి తెచ్చిన పక్షి అది. ఊరి వాళ్ళకి దాని పేరు, అరుపు ఎప్పటి నుంచో తెలుసు. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ప్రకటించారు, 464 చదరపు కిలోమీటర్లు.

ఆ పక్షి ఎక్కడ ఉండేదో చెప్తాను. దట్టమైన ఎర్రచందనం అడవిలో కాదు. కొండ అడుగున, పొదకీ పొదకీ మధ్య ఖాళీ నేల ఉండే చిట్టడవిలో. తర్వాత పరిశోధకులు లెక్కలు కట్టారు. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకి 300 నుంచి 700 దాకా ఉన్న చోట అది ఎక్కువగా తిరుగుతోందని, చిన్న పొదలు హెక్టారుకి వెయ్యి లోపు ఉండాలని తేలింది. పొదలు మరీ తక్కువైతే దానికి చాటు ఉండదు, ఎక్కువైతే నడవడానికి నేల ఉండదు. ఆ పక్షి ఎగరడం కంటే నడవడమే ఎక్కువ.

దాన్ని వెతికే పద్ధతి కూడా చెప్పాలి. అది రాత్రి పక్షి, పగలు చూద్దామంటే కుదరదు. పొదల మధ్య ఇసుక పట్టీలు పరిచి, సాయంత్రం నున్నగా చదును చేసేవాళ్ళం. పొద్దున్నే వెళ్ళి కాలిముద్రలు చూడాలి. కౌజు ముద్ర ఏది, తీతువు ముద్ర ఏది, ఇది ఏది అని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత కెమెరాలు వచ్చాయి. చీకటి పడ్డాక గంట లోపు అరిచేది. ఆ కాసేపు బీడీ కూడా వెలిగించకుండా చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళం.

ఇప్పుడు అసలు విషయం. ఆ ఖాళీ నేలని ఖాళీగా ఉంచింది ఎవరు? చాలావరకు మేకలు, గొర్రెలు, కట్టెలు కొట్టుకునే ఆడవాళ్ళు. మేం డ్యూటీలో చేరినప్పుడు వాళ్ళని తరమడమే మా పని అనుకునేవాళ్ళం. పూర్తిగా తరిమేస్తే పొద కలిసిపోతుంది, మరీ వదిలేస్తే పొదే ఉండదు. ఆ మధ్య రకంగా ఉంచడమే అసలు పని. ఏ రూల్ బుక్కులోనూ అది ఉండదు. పొదలు కొట్టి నిమ్మ తోటలు వేయడం, 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే యంత్రాలు అది తిరిగే పొదల్లోకి రావడం, ఇవే దానికి పెద్ద దెబ్బలు. గొడవలు జరిగి, చివరికి కాలువ దారి మార్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పక్షి జాడ లేదు.

బాబూ, మీ గట్టు మీద కలివి కోడి ఉందని నేను అనడం లేదు. కానీ మీరు చెప్పిన రేగు, బలుసు, చండ్ర, మధ్యలో గడ్డి అనేది అలాంటి నేలే.

మందకాపరి
రేంజ్ సార్‌కి దండాలు. ఫారెస్టులో పనిచేసిన ఒకరి నోటి నుంచి ఈ మాట వినడానికి మా నాయన బతికి లేడు.

నేను టీచర్‌ని. మా ఇంట్లో తాతల నాటి నుంచి గొర్రెలే. ఓ మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు తమ్ముడూ. సీడ్ బాల్స్ వేసి, చుట్టూ కందకం తవ్వితే మీ ఊరి మందలు ఎక్కడికి పోతాయి? "గొర్రెలు తినకుండా ఉండేవి" అని రాశావు. గొర్రె తినని మొక్కతో గట్టు నిండితే ఆ గట్టు గొర్రెలోడికి చచ్చిన గట్టే. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు మంద మీద బతుకుతున్నాయో లెక్కేశారా? సంఘంలో గొర్రెల కాపరుల పిల్లలు ఎవరైనా ఉన్నారా?

గట్టుకింద_ఊరు
అన్నా, ఉన్నారు. ఇద్దరు. వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఎవరూ అడగలేదు.

మాకు చెట్ల పిచ్చి కాదు. మా పక్క మండలంలో గయాళు భూమి అంతా చూస్తుండగానే పోయింది. పాణ్యం దగ్గర సోలార్ పార్కు మీకు తెలుసు కదా, వెయ్యి మెగావాట్లది, దాదాపు ఆరు వేల ఎకరాలు. అది తప్పని నేను అనట్లేదు, కరెంటు కావాలి. కానీ మా గట్టుకి కూడా రెండుసార్లు సర్వే వాళ్ళు వచ్చి వెళ్ళారు. అడిగితే "ఖాళీ భూమే కదా" అన్నారు. ఖాళీగా కనపడితే ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తీసుకుంటారు. నిండా చెట్లుంటే, మేం పెట్టామని ఫోటోలు ఉంటే, కనీసం గొడవ చేయడానికైనా ఆధారం ఉంటుందని మా ఆలోచన. మందలు కొన్నేళ్ళు ఇబ్బంది పడినా గట్టు మిగులుతుందని వాళ్ళు కూడా సరే అన్నారు.

పక్షిపిచ్చి_హైదరాబాద్
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే చర్చ వేరేగా ఉండేది. మీ టెన్షన్ న్యాయమైనదే.

దేశంలో బంజరు భూముల అట్లాస్ అని ఒకటి వేస్తారు. దానికి ఉపగ్రహ చిత్రాల పని చేసేది మా హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్ (ఎన్.ఆర్.ఎస్.సి.) వాళ్ళే. అందులో పొదలున్న నేల, గడ్డి నేల చాలావరకు "బంజరు" కిందకే వస్తాయి. కాగితం మీద ఆ రంగు పడిందంటే తర్వాత వచ్చే ప్రతి ఆఫీసరుకీ అది ఖాళీ భూమే. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవలోనూ ఇదే విన్నాం కదా, "అడవి ఎక్కడుంది, తుప్పలే కదా" అని. బుల్డోజర్లు దిగాక, ఏప్రిల్ మొదట్లో సుప్రీంకోర్టు ఆపమంది. అక్కడ జింకలు, నెమళ్ళు తిరిగే వీడియోలు జనం చూశారు కాబట్టి అంత కదలిక వచ్చింది. మీ గట్టుకి వీడియో తీసేవాళ్ళు ఎవరున్నారు?

నేపర్‌విల్_తెలుగోడు
ఆ డబ్బు పంపిన వాళ్ళలో నేను లేను కానీ, ఇక్కడి సంగతి ఒకటి పనికొస్తుందేమో. మేం చికాగో పక్కన ఉంటాం. ఇల్లినాయ్‌ని ప్రెయిరీ స్టేట్ అంటారు. ఒకప్పుడు రెండు కోట్ల ఎకరాలకు పైగా గడ్డి మైదానం. ఇప్పుడు చెడిపోకుండా మిగిలింది రెండున్నర వేల ఎకరాలే. మిగతాదంతా దున్నేశారు. దాన్ని కాపాడటానికి ఇక్కడ శనివారాలు వాలంటీర్లు చేసే పని ఏంటో తెలుసా? చెట్లు కొట్టడం! బక్‌థార్న్ అని యూరప్ నుంచి వచ్చిన మొక్క ఉంది, మన సర్కారు తుమ్మ లాగే కమ్మేస్తుంది. దాన్ని నరికి కుప్పలేసి కాలుస్తాం. కొన్ని చోట్ల గడ్డికి కూడా పద్ధతి ప్రకారం నిప్పు పెడతారు.

మొదటిసారి వెళ్ళినప్పుడు మా ఆవిడ ఫోటో చూసి "అమెరికా వెళ్ళి కట్టెలు కొడుతున్నావా" అంది.

ఇక్కడా జనం ఊరుకోలేదు. 1996లో "అడవి పేరుతో చెట్లు నరుకుతున్నారు" అని పెద్ద గొడవ అయితే చికాగో ఉన్న కుక్ కౌంటీ వాళ్ళు ఆ పనులన్నీ ఆపేశారు. మళ్ళీ మొదలవడానికి చాలా కాలం పట్టింది. కాబట్టి పచ్చతోరణం గారి కోపం నాకు కొత్త కాదు. చెట్టు కొట్టడం కళ్ళకి పాపంలాగే కనపడుతుంది.

పచ్చతోరణం
అమెరికా పోలికలు మనకెందుకు గానీ, సోలార్ సంగతి విన్నాక ఒప్పుకుంటాను, అది నిజమైన సమస్యే. అయినా నా ప్రశ్న అలాగే ఉంది. గట్టు మీద కొన్ని చోట్ల ఒకప్పుడు చెట్లు ఉండి ఉండొచ్చు కదా? అన్నీ గడ్డి నేలలే అని ఎలా చెప్తారు? పెద్దవాళ్ళని అడిగారా?

రేంజ్_రిటైర్డ్_కడప
మంచి ప్రశ్న అమ్మా. అదే అడగాలి. వాగు పక్కన, గట్టు మలుపుల్లో మట్టి లోతుగా ఉన్న చోట చెట్లు ఉండేవే. అక్కడ నరికిన మొద్దులు, వేళ్ళ నుంచి లేచే పిలకలు ఇప్పటికీ ఉంటాయి. మొక్క తెచ్చి పెట్టక్కరలేదు. ఆ పిలకల్లో ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేసి, రెండేళ్ళు మేకల నుంచి కాపాడితే అదే చెట్టవుతుంది, వేరు ముందే ఉంది కాబట్టి. వన సంరక్షణ సమితుల కాలంలో మంచి ఫలితం ఇచ్చిన పనుల్లో ఇదొకటి. నర్సరీ ఖర్చు లేదు, అందుకే దీని మీద పెద్దగా బిల్లులు పెట్టడానికి ఉండదు, అందుకే ఎవరూ ప్రచారం చేయరు.

ఊరి పెద్దల్ని అడగమన్నారు చూడండి, అది ముందు చేయాల్సిన పని. ఏ వంకలో ఏ చెట్టు ఉండేదో అరవై దాటిన కాపరి చెప్తాడు.

నల్లరేగడి_రైతు
రోళ్ళపాడు పక్క ఊరోడిని. అందరూ జింకల గురించి తీయగా మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా వినండి.

బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో రోళ్ళపాడుని అభయారణ్యం చేశారు. ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మా చిన్నప్పుడు జొన్న చేలల్లో, కొర్ర చేలల్లో ఆ పిట్ట నడుస్తుంటే మనిషి నడిచినట్టు ఉండేది. ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుందంట, అదీ నేల మీద. తర్వాత కాలువ నీళ్ళు వచ్చాయి. మాకు మంచిదే అయింది, అబద్ధం ఎందుకు. కానీ జొన్న, కొర్ర పోయి వేరే పంటలు వచ్చాయి, మందులు కొట్టడం వచ్చింది. పిట్ట అభయారణ్యం లోపల మాత్రమే బతికేది కాదు కదా, మా చేలల్లోనే సగం బతుకు. కంచె లోపల ఎంత కాపాడినా చేలు మారిపోయాక అది పోయింది. జింకలు మాత్రం పెరిగాయి. ఇప్పుడు బట్టమేక కోసం రోళ్ళపాడు వచ్చేవాళ్ళు జింకల్ని చూసి పోతారు.

ఆ జింకలు రాత్రికి మా శనగ చేలో దిగితే పొద్దునకి మొదళ్ళే మిగులుతాయి. పరిహారం కోసం తిరిగే ఖర్చు పరిహారం కంటే ఎక్కువ. తమ్ముడూ, నీ గట్టు కాపాడుకో, మంచిదే. కానీ చుట్టూ ఉన్న రైతులతో ముందే మాట్లాడకపోతే మూడో ఏడు వాళ్ళే కరెంటు తీగలు పెడతారు.

పక్షిపిచ్చి_హైదరాబాద్
రైతు గారు చెప్పింది మేం ఎప్పుడూ చిన్నది చేసి చెప్పే విషయం. మధ్యప్రదేశ్‌లో కరేరా అని బట్టమేక అభయారణ్యం ఉండేది, 1981లో ప్రకటించారు. చాలావరకు రైతుల పట్టా భూములనే గీత గీసి లోపల పెట్టేశారు. భూమి అమ్ముకోవడానికి లేదు, జింకలు పంట తింటున్నాయి, ఇవన్నీ ఆ పిట్ట వల్లే అని జనానికి కసి పుట్టింది. పదేళ్ళు దాటీదాటకుండానే పిట్ట పోయింది.

అయితే రోళ్ళపాడు పనికిరాకుండా పోలేదు. చలికాలంలో ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిల్లిగద్దలు సాయంత్రానికి ఆ గడ్డిలో దిగి నేల మీదే నిద్రపోతాయి. అన్ని ఒకే చోట రాత్రి గడిపే తావులు ప్రపంచంలోనే తక్కువ. అవి పగలంతా చుట్టుపక్కల చేలల మీద తిరిగి మిడతల్ని తింటాయి. శనగ రైతుకి అది ఉచిత సేవే. పరిహారానికి బదులు కాదు అది, ఒప్పుకుంటాను.

వకీలమ్మ
గట్టుకింద_ఊరు గారూ, చెట్లుంటే భూమి ఎవరూ తీసుకోరు అనే ధీమా వద్దు. సుబాబుల్ తోపుని ఒక్క రోజులో కొట్టేస్తారు, మీరు పెట్టిన మొక్క అనే హక్కు కాగితం మీద ఏమీ ఉండదు. కాగితమే కావాలి.

మొదట సర్వే నంబర్ల వారీగా అడంగల్ (ఊరి భూముల రికార్డు) తీయించండి. గయాళు ఎంత, మేత పోరంబోకు (పశువుల మేతకి వదిలిన సర్కారు భూమి) ఎంత, ఫారెస్టు ఎంత, వేరు చేయండి. ఫారెస్టు భాగంలో మీరు గింజ విసరాలన్నా వాళ్ళ అనుమతి కావాలి, కందకం సంగతి చెప్పక్కరలేదు. మేత పోరంబోకు అని రాసి ఉంటే మీ కేసు బలంగా ఉంటుంది, ఎందుకంటే దాని వాడకం ఏంటో రికార్డే చెప్తోంది. దాన్ని మార్చాలంటే పద్ధతి ఉంది, ఊరి అభ్యంతరం వినాలి.

రెండోది, మీ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉందో లేదో చూడండి. 2002 చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఉండాలి. చాలా చోట్ల పేరుకి ఉంటుంది, సభ్యులకే తెలియదు. ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. మీరు మీ రెండో పోస్టులో "ఏమీ లేవు" అని రాసిన జాబితా ఉంది చూడండి, దాన్నే తేదీలతో, ఫోటోలతో ఆ రిజిస్టరులో ఎక్కించండి. కాపరుల వాడకం కూడా రాయించండి: ఏ నెలలో ఎక్కడ మేపుతారు, ఏ వంకలో నీళ్ళు తాగిస్తారు. తర్వాత గ్రామసభ తీర్మానం. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువుని 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, అదీ ఇదే చట్టం కింద. మీది అంత దూరం వెళ్తుందని మాట ఇవ్వలేను. కానీ రేపు సర్వే వాళ్ళు వచ్చి "ఖాళీ భూమి" అన్నప్పుడు టేబుల్ మీద పెట్టడానికి ఒక పుస్తకం ఉంటుంది.

వన్యప్రాణి చట్టంలో కమ్యూనిటీ రిజర్వు అనే దారి కూడా ఉంది. అది ప్రజలు తమ సొంత భూమినో, ఊరి ఉమ్మడి భూమినో ముందుకొచ్చి ఇస్తే చేసేది. దానితో ఆంక్షలు కూడా వస్తాయి కాబట్టి కాపరులతో, రైతులతో కూర్చోకుండా అటు వెళ్ళకండి. కరేరా కథ ఇప్పుడే విన్నారు.

మోడరేటర్
ఒక సభ్యుడు తోడేలు పిల్లలున్న పొద ఫోటో, మ్యాప్ లొకేషన్‌తో సహా పెట్టారు. తీసేశాను. మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు, కానీ వేటగాళ్ళూ ఈ ఫోరం చదువుతారు, ఫోటోగ్రాఫర్లూ చదువుతారు. గూళ్ళు, పిల్లలున్న చోట్లు, రాత్రి పక్షుల అరుపులు వినిపించే తావులు ఇక్కడ రాయొద్దు.

మందకాపరి
మోడరేటర్ గారు మంచి పని చేశారు. తోడేలు మా శత్రువే, కాదనను. ఏడాదికి రెండు మూడు గొర్రెపిల్లలు పోతాయి. మా నాయన తిట్టేవాడు గానీ మందు పెట్టేవాడు కాదు, దాని వాటా అది తిందిలే అనేవాడు. ఇప్పుడు అసలు బాధ ఊరకుక్కలు. కోళ్ళ ఫారాల దగ్గర చచ్చిన కోళ్ళు పడేస్తారు, అవి తిని గుంపులు కడతాయి, మందల మీద పడతాయి, జింక పిల్లల్ని తరుముతాయి. గట్టు కాపాడతామనే వాళ్ళు ముందు ఆ చచ్చిన కోళ్ళు పడేయడం ఆపించండి.

మేత సంగతి. గట్టుని రెండు భాగాలు చేసుకోండి. వానలు మొదలైనప్పటి నుంచి గడ్డి గింజ రాలే దాకా ఒక భాగంలోకి మందలు పోకూడదు, మరుసటేడు రెండోది. నేల మీద గూళ్ళు పెట్టేవీ చాలావరకు ఆ రోజుల్లోనే పెడతాయి. పాతకాలంలో ఊరి కట్టుబాటు ఇలాగే ఉండేది, తప్పితే జరిమానా వేసేవాళ్ళు. ఎండాకాలం కొత్త చిగురు కోసం నిప్పు పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది మాత్రం మా వాళ్ళతో నేనైనా గొడవ పడతాను. మే నెల నిప్పుకి తాబేళ్ళు కాలిపోతాయి.

గట్టుకింద_ఊరు
ఇంత మంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. ఇవాళ సంఘంలో కూర్చున్నాం. బడి దగ్గర, శ్మశానం దారిలో, చెరువు కట్ట మీద చెట్లు పెడతాం, గట్టు మీద విసరం. ఇప్పటికే చేసిన బంతుల్లో సుబాబుల్, గిరిపుష్పం ఉన్నవి నానబెట్టి మట్టి చేసేస్తాం. అమెరికా అన్నకి ఫోన్ చేశాం. "మొక్కలు లేకపోతే ఫోటోలో ఏం కనపడుతుంది" అన్నాడు. ఇంకా ఒప్పించాలి.

రెండు అనుమానాలు. గట్టు కింద ఒక మూల సర్కారు తుమ్మ బాగా వచ్చేసింది. ఆ మిగిలిన డబ్బుతో జేసీబీ పెట్టి తీయించొచ్చా? రెండోది, కందకం పూర్తిగా మానేయాలా? ఉపాధి హామీలో పని దినాలు కావాలని ఊళ్ళో అడుగుతున్నారు.

రేంజ్_రిటైర్డ్_కడప
ఒక చమత్కారం చెప్పనా? ఆ సర్కారు తుమ్మని మన దక్షిణాదికి తెచ్చి మొదట నాటిన చోట్లలో మా కడప జిల్లా కమలాపురం ఒకటి, 1870ల్లో. వంటచెరకు కొరత తీరుతుందని మా డిపార్ట్‌మెంటు పూర్వీకులే విత్తనాలు తెప్పించారు. అదీ ఆ రోజుల సీడ్ బాల్సే అనుకోండి.

జేసీబీ వద్దు. నేలంతా కెలికితే, మట్టిలో పడి ఉన్న గింజలన్నీ ఒక్కసారి లేస్తాయి. పైపైన నరికితే ఒక్క కొమ్మకి పది కొమ్మలు వస్తాయి. వేరు మెడ దాకా తవ్వి తీయాలి, అది మనుషుల పనే. మీ పని దినాల సమస్య అక్కడే తీరుతుంది. కాయలు పండకముందే తీయండి. పండిన కాయ గొర్రె తిన్నా జింక తిన్నా పేడలో గింజ చెక్కుచెదరకుండా గట్టు పైకి పోతుంది. మొదట అంచుల్లో, కొత్తగా పాకిన చోట తీసుకుంటూ లోపలికి రండి, నడిమధ్య నుంచి మొదలుపెట్టకండి. ప్రతి వానాకాలం తర్వాత చిన్న మొలకలు పీకాలి, కనీసం మూడు నాలుగేళ్ళు. ఆ ఓపిక లేకపోతే అసలు మొదలే పెట్టకండి.

మందకాపరి
అంతా ఒకేసారి తీయకండి. ఆ తుమ్మ కట్టెలు, బొగ్గు మీద బతికే ఇళ్ళు కూడా ఊళ్ళో ఉంటాయి. ఎండాకాలం మేతకి దాని కాయే దిక్కు. వాళ్ళకే నరుక్కునే హక్కు ఇవ్వండి, కట్టె వాళ్ళది, వేరు తవ్వే కూలి ఉపాధి హామీది.

వకీలమ్మ
అది తీర్మానంలో రాయించండి. లేకపోతే కట్టె పంచుకునే రోజున గొడవ ఖాయం.

పక్షిపిచ్చి_హైదరాబాద్
కందకం గురించి నేను చెప్తాను. నిట్టనిలువు గోడలతో చుట్టూ తవ్వితే జింక దూకుతుంది, నక్క దిగి ఎక్కుతుంది, చుక్కల తాబేలు మాత్రం పడి అక్కడే ఎండకి చస్తుంది. వానాకాలంలో అవి చాలా దూరం నడుస్తాయి. తప్పదనుకుంటే మీ ఊరి వైపు, ట్రాక్టర్లు దిగి మట్టి తోలుకుపోయే చోట మాత్రమే తవ్వండి. పాతిక ముప్పై అడుగులకి ఒక చోట గోడని ఏటవాలుగా చెక్కి ఎక్కే దారిలా వదలండి. మందల దారులు మూయొద్దు. మిగతా పని దినాలకి వంకల్లో రాళ్ళ అడ్డుకట్టలు వేయించండి, నీళ్ళు నిలుస్తాయి, పచ్చతోరణం గారు కూడా సంతోషిస్తారు.

పచ్చతోరణం
సంతోషమే. చెరువు కట్ట మీద చింత పెట్టొద్దు, వేరు కట్టని చీలుస్తుంది. కట్ట కింద, నీళ్ళకి దూరంగా పెట్టుకోండి. కానుగ మొక్కలు కావాలంటే మా నర్సరీ నుంచి పంపిస్తాను, లారీ ఖర్చు మీది.

గట్టుకింద_ఊరు
పంపించండి అక్కా, లారీ మేం చూసుకుంటాం. అడంగల్ కాపీ వచ్చే వారం ఇస్తామన్నారు. వకీలమ్మ గారూ, అందులో "మేత పోరంబోకు" అని ఎంత ఉందో రాగానే ఇక్కడ పెడతాను, తీర్మానం ఎలా రాయాలో చెప్పాలి మీరే.